ఊరికీ వాడకీ నడుమ: మన నవల చూసిందీ, చూడనిదీ

తిరుమలగిరి నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి కొన్నేళ్ళ కిందట నాకొక కథ ఇచ్చాడు, చదివి అభిప్రాయం చెప్పమని. మూడున్నర పేజీల కథ. సంక్షేమ హాస్టల్లో ఉండి చదువుకునే ఒక మాదిగ కుర్రవాడు దసరా సెలవులకు ఇంటికొస్తూ, జనగామ బస్సు దిగి, రోడ్డు పక్క హోటల్లో చాయ్ అడుగుతాడు. బెంచీ మీద కూర్చున్న ముగ్గురి చేతుల్లోనూ గాజు గ్లాసులున్నాయి. హోటలాయన వీడి మొహం చూసి, ఎవరి కొడుకువని అడిగి, కాగితం కప్పులో పోసి ఇస్తాడు. కుర్రవాడు ఆలోచనలో పడతాడు. హైదరాబాదులో అందరూ కాగితం కప్పులోనే తాగుతారు. అది శుభ్రం కూడాను. మరి ఇది మర్యాదా, అవమానమా? అడిగితే 'నీకు మంచిదే ఇచ్చిన గదా' అంటాడు హోటలాయన. అందుకని అడగడు. తాగి, కప్పు నలిపి పారేసి, వాడ దారి పడతాడు. కథ అంతే.

నా అభిప్రాయం చెప్పాను. కథలో సంఘర్షణ లేదన్నాను. పాత్ర చైతన్యం పొందలేదన్నాను. ఈ ఊళ్ళో భూమి ఎవరి చేతిలో ఉంది, కూలి రేటు ఎంత, పెత్తందారు ఎవరు అన్నవేవీ రాకుండా ఒక కాగితం కప్పు చుట్టూ కథ తిప్పితే అది మనస్తత్వ చిత్రణ అవుతుందే గాని వాస్తవికత కాదన్నాను. "ఇందులో దొర ఏడీ?" అని అడిగాను. అతను కాసేపు ఊరుకుని, "దొర ఎప్పుడో పోయిండు సార్. కప్పే కొత్తగొచ్చింది," అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఈ వ్యాసం ఆ విద్యార్థికి ఆలస్యంగా చెబుతున్న జవాబనుకున్నా ఫరవాలేదు.

నేను ఆ ప్రశ్న ఎందుకు అడిగానో మొదట చెప్పాలి. తిరుమలగిరి ఏ నేల? ఒకప్పటి నల్లగొండ జిల్లా, ఇప్పటి సూర్యాపేట జిల్లా. విసునూరు దేశముఖు గూండాల కాల్పుల్లో 1946 జులై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడవెండి అక్కడికి దూరమేమీ కాదు. సంఘం కట్టి వెట్టిని ఎదిరించిన గ్రామాలు చుట్టూ ఉన్నాయి. ఆ నేల మీద నుంచి వచ్చిన కథ అనగానే మన కళ్ళు గడి కోసం వెదుకుతాయి. అలా వెదకడం మనకు మన నవల నేర్పింది. తప్పేమీ కాదు. గడి ఉండింది, దాని గోడల వెనక జరిగింది చెప్పడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం చేసిన రచయితలకు మనం ఋణపడి ఉన్నాం. కాని గడికి గోడలుంటాయి, గేటు ఉంటుంది, దూరం నుంచి కనిపిస్తుంది. ఊరికీ వాడకీ నడుమ ఉన్న గీతకు గోడ లేదు. ఆ గీతను చూసిన కన్ను మన నవలలో ఎవరిదన్నదే ఇక్కడ ప్రశ్న.

వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి' 1955లో వచ్చింది. తెలంగాణ జీవితం మీద వచ్చిన తొలి రాజకీయ నవలగా దాని స్థానం దానిదే. దిమ్మెగూడెంలో దొర రామభూపాలరావు దౌర్జన్యం, దానికెదురు నిలిచే కంఠీరవం. కంఠీరవం వైష్ణవ కుటుంబంలో పుట్టినవాడు. అతను ఊరి వాళ్ళను కూడగడతాడు, వాడనూ కలుపుకుంటాడు. వాడ జనం మతం మారే ఘట్టం కూడా ఉంది ఆ నవలలో. అంటే గీత గురించి ఆళ్వారుస్వామికి తెలియక కాదు. నకిరేకల్ ప్రాంతంలో పుట్టి, ఇళ్ళల్లో వంటలు చేసి, హోటల్లో సర్వరుగా పనిచేసి, ఎవరి చేతికి ఏ గ్లాసు ఇవ్వాలో ఈ దేశం ఎలా నిర్ణయిస్తుందో మనందరికన్నా దగ్గరగా చూసి ఉండాల్సిన మనిషి ఆయన. అయినా ఆ ఘట్టంలో మనం చూసేది మతం మారిన వాళ్ళ గురించి ఊరివాళ్ళూ సంఘంవాళ్ళూ ఏమనుకున్నారని. మతం మారే ముందురోజు రాత్రి ఆ వాడలో ఒక పద్దెనిమిదేళ్ళ పిల్లవాడు ఏం ఆలోచించి ఉంటాడన్నది నవల అడగలేదు.

దాశరథి రంగాచార్య 'చిల్లర దేవుళ్లు' (1969) ఇంకో అడుగు స్పష్టం చేస్తుంది. అందులో ఊరిని చూసే కన్ను సారంగపాణిది. అతను సంగీతం తెలిసినవాడు, ఆంధ్ర ప్రాంతం నుంచి బతకవచ్చినవాడు. వచ్చినవాడి విస్మయంతో పాటు మనమూ విస్తుపోతాం: ఇంత అన్యాయమా అని. కొత్తవాడి కంటితో ఊరిని చూపడం మంచి ఉపాయం. గడి లోపలి కుళ్ళును బయటపెట్టడానికి అంతకన్నా మంచి ఉపాయం లేదు. కాని కొత్తవాడికి కనిపించేది వింత. ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడికి అది వింత కాదు, అలవాటు. అలవాటు అన్యాయంగా మారే క్షణం ఒకటుంటుంది. ఆ క్షణం సారంగపాణికి దొరకదు. అతనికి అన్నీ మొదటినుంచే అన్యాయాలు.

ఇంకా వెనక్కి పోతే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922). జైల్లో రాసి, అచ్చయ్యాక ప్రభుత్వ నిషేధం పాలైన నవల. అందులో ఊరివాడు వాడకు రావడం కాదు, నవలే వాడలో మొదలవుతుంది. సంగదాసు చౌదరయ్య ఇంట పాలేరు, ఆయన కొడుకు రామానాయుడికి స్నేహితుడు, చివరకు ఆయన చేతిలోనే చచ్చిపోతాడు. సొంత ఊళ్ళో గీతకు ఎదురు నిలిచిన తెలుగు యువకుల్లో సంగదాసు మొదటివాడని ఒప్పుకోవాలి. అయితే ఉన్నవ అతణ్ణి మహాత్ముణ్ణి చేశాడు. అవమానం తగిలినప్పుడు సంగదాసుకు రావలసిన కోపం తీసి అన్న వెంకటదాసుకిచ్చి, ఆ అన్నను అడవికి పంపి జగ్గడని పేరు పెట్టాడు. కోపం ఒకడికి, సహనం ఒకడికి పంచి పెట్టిన ఈ ఏర్పాటు చాలాకాలం మన నవలను వదల్లేదు. ఒక్క మనిషిలోనే రెండూ ఉండవచ్చునని, చాయ్ తాగుతున్నంతసేపట్లోనే రెండూ వచ్చి పోవచ్చునని, ఉన్నవ ఒప్పుకోగలిగిన కాలం కాదది. మనం ఒప్పుకోకపోవడానికి మాత్రం కారణం లేదు.

జాషువా సంగతి వేరు. 'గబ్బిలం' (1941) నాయకుడికి గుడి తలుపులు మూతపడ్డాయి. గుడిలో వేలాడే గబ్బిలానికి అడ్డు లేదు. మనిషి దాటలేని గీతను పక్షి కాని పక్షి దాటుతుంది. గీత ఎలా ఉంటుందో దానికన్నా బాగా చెప్పిన ఊహ తెలుగులో మరొకటి నాకు తట్టదు. ఆ పని చేసింది పద్యమే గాని నవల కాదన్నది నా ఫిర్యాదు. హైదరాబాదు రాజ్యంలో ఆది హిందూ ఉద్యమాన్ని నడిపిన భాగ్యరెడ్డివర్మ 'వెట్టి మాదిగ' అని కథ రాశాడు. మన అభ్యుదయ సాహిత్య చరిత్రలు ఎన్ని దాన్ని లెక్కలోకి తీసుకున్నాయి?

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుందని నాకు తెలుసు. వస్తే మన శిబిరం నుంచే వస్తుంది. భూమి సమస్య మౌలికం, అంటరానితనం దాని నీడ; భూమి సంబంధాలు మారితే నీడ పోతుంది; రచయిత నీడల వెంట పడకూడదు అని. ఈ వాదాన్ని నేను పాతికేళ్ళు పాఠంలా చెప్పాను. దీన్ని సిద్ధాంతంతో కాకుండా ఒక వస్తువుతో పరీక్షిద్దాం. కరెంటు మోటార్లు రాకముందు మన పొలాల్లో మోట ఉండేది. మోటకు తోలు బొక్కెన. ఆ తోలు వలిచి, ఊనబెట్టి, బొక్కెన కుట్టి ఇచ్చింది మాదిగ. చాలా ఊళ్ళలో అది వెట్టి. ఆ బొక్కెన రోజంతా బావిలో మునిగి తేలుతుంది. ఆ నీళ్ళతోనే దొర పొలం పండుతుంది. ఆ బొక్కెన కుట్టిన చెయ్యి మాత్రం ఊరి మంచినీళ్ళ బావి గిలక మీద పడకూడదు. ఇందులో మౌలికం ఏది, నీడ ఏది? శ్రమను కొల్లగొట్టడమూ మనిషిని దూరం పెట్టడమూ రెండు వేర్వేరు పనులైతే గదా ఒకటి ముందూ ఒకటి వెనకా అనడానికి! దూరం పెట్టడమే కొల్లగొట్టే పద్ధతి. వెట్టి మీద మన నవలలు ఎన్నో పేజీలు రాశాయి. బొక్కెన మునిగే బావికీ, చెయ్యి తాకరాని బావికీ మధ్య ఉన్న నాలుగు గజాల మీద పేజీ రాయలేదు. కొలకలూరి ఇనాక్ 'ఊరబావి' వచ్చాక గాని బావి మన కథకు కేంద్రం కాలేదు.

ఉద్యమ చరిత్ర నవలకన్నా ముందుందని కూడా చెప్పాలి. రావి నారాయణరెడ్డి సంఘ నాయకుడు కాకముందు హరిజన సేవక సంఘంలో, హరిజన విద్యార్థుల వసతి గృహాల కోసం పనిచేశాడు. ఆ హాస్టళ్ళలో ఉండి చదువుకుని సెలవులకు ఊళ్ళకు తిరిగి వచ్చిన పిల్లలుండాలి గదా! వాళ్ళలో ఒక్కడైనా మన పోరాట నవలల్లో కథానాయకుడయ్యాడా? నాకు కనిపించలేదు.

ఈ చోట దూరదేశపు ఉదాహరణ ఒకటి పనికొస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో నల్లవాళ్ళను వేరుచేసిన వ్యవస్థ మీద మన విద్యార్థులందరికీ తెలిసిన నవల హార్పర్ లీ 'టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్' (1960). అలబామాలోని ఒక చిన్న పట్టణం. చూసే కన్ను స్కౌట్ అనే తెల్ల పిల్లది. న్యాయం కోసం నిలబడేది ఆమె తండ్రి, లాయరు. నింద మోసి ప్రాణం పోగొట్టుకునే టామ్ రాబిన్సన్ నల్లవాడు. అతని ఇంట్లో ఆ రాత్రులు ఎలా గడిచాయో స్కౌట్‌కు తెలియదు కాబట్టి మనకూ తెలియదు. అంతకు పదిహేనేళ్ళ ముందే, 1945లో, రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్' రాశాడు. మిసిసిపీలో పెరిగిన నల్ల కుర్రవాడి స్వీయకథ. మెంఫిస్ పట్టణంలో గ్రంథాలయం నల్లవాళ్ళకు పుస్తకాలివ్వదు. రైట్ తనతో పనిచేసే ఒక తెల్లవాడి కార్డు అడిగి తీసుకుని, ఆ తెల్లవాడే రాసినట్టు తాను చీటీ రాసుకుని, తెల్లవాడి కోసం పుస్తకాలు మోసుకుపోయే నౌకరులా నటించి, చదువుకుంటాడు. ఆ చీటీ రాసేటప్పుడు తనను తాను ఏ మాటతో పిలుచుకోవాలో అతనికి తెలుసు. తెల్లవాడు ఏ మాట వాడతాడో ఆ మాట. స్కౌట్ జీవితమంతా చూసినా ఆ చీటీ రాయలేదు. మన కంఠీరవం, మన సారంగపాణి స్కౌట్ పక్షాన ఉన్నారు. మంచి పక్షమే. కాని చీటీ రాసినవాడు రావలసి ఉంది.

రెండు దేశాలకూ పోలిక ఉన్నట్టే ఒక తేడా కూడా ఉంది, కథకులకు ముఖ్యమైన తేడా. అక్కడ బోర్డులుండేవి: ఈ కుళాయి తెల్లవాళ్ళకు, ఆ కుళాయి నల్లవాళ్ళకు అని. చట్టమే రాయించిన బోర్డులు. 1964 పౌరహక్కుల చట్టంతో ఆ అధికారం పోయింది. ఇక్కడ రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో దాన్ని నేరం చేస్తూ చట్టం వచ్చింది. 1989లో అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. బోర్డు ఎక్కడా లేదు. బోర్డు లేదు కాబట్టి పీకి పారేయడానికీ ఏమీ లేదు. ఊళ్ళో ఎవరు ఎక్కడ చెప్పులు విప్పాలో, ఎవరికి గ్లాసో ఎవరికి కప్పో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు. రాయని చట్టాన్ని కథలో చూపించడం ఎలా? రచయిత మధ్యలో వచ్చి 'ఈ గ్రామంలో అంటరానితనం ఉండెను' అని చెబితే అది నివేదిక అవుతుంది. రాయని చట్టం కనిపించేది రెండే సందర్భాల్లో: పసివాడు దాన్ని నేర్చుకుంటున్నప్పుడు, పెద్దవాడైనవాడు దాన్ని ఒప్పుకోలేకపోయినప్పుడు. అందుకే ఈ వస్తువుకు యువకుడో పిల్లవాడో కావాలి. అది శిల్పం కోసం చేసే ఎంపిక కాదు, వస్తువే అడిగే ఎంపిక.

వేముల ఎల్లయ్య 'కక్క' 2000లో వచ్చింది. నల్లగొండ జిల్లా మాదిగ వాడ భాషలో, ఆ వాడ పిల్లవాడు కక్క చుట్టూ నడిచిన నవల. దాని మీద మన విమర్శకులు చేసిన మొదటి ఫిర్యాదు భాష అర్థం కావడం లేదని. విశాఖపట్నం యాస అర్థమైనవాళ్ళకు, రాయలసీమ మాండలికాన్ని మెచ్చుకున్నవాళ్ళకు ఇది మాత్రం ఎందుకు అర్థం కాలేదు? అంతకుముందు మన నవలల్లో పాత్రలు తమ యాసలో మాట్లాడేవి, కథ చెప్పే రచయిత శిష్టభాషలో మాట్లాడేవాడు. పాఠకుడు రచయిత చెయ్యి పట్టుకుని యాస గల మనుషుల మధ్యకు వెళ్ళి భద్రంగా తిరిగి వచ్చేవాడు. 'కక్క'లో కథ చెప్పే గొంతూ పాత్రల గొంతూ ఒకటే. తిరిగి రావడానికి శిష్టమైన అరుగు లేదు. ఇది పైకి భాష సంగతిలా కనిపిస్తుంది గాని నిజానికి చోటు సంగతి. 'వాడకు వెళ్ళాడు' అని రాసే నవల ఊళ్ళో కూర్చుని ఉంది. 'ఊళ్ళెకు పోయిండు' అని రాసే నవల వాడలో కూర్చుని ఉంది. ఒక్క క్రియాపదంలో రచయిత ఎక్కడ నిలబడ్డాడో తెలిసిపోతుంది. ఎనభై ఏళ్ళ తెలుగు నవల మొదటి క్రియతోనే నడిచింది.

'కక్క'లో లోపాలు లేవనను. సంఘటనలు ఒకదాని మీద ఒకటి కుప్పపడి, కొన్ని మనుషులుగా నిలబడాల్సిన పాత్రలను తొక్కేశాయి. కాని దాన్ని దాటి పోవలసింది దాని దారినే, దాని ముందరి దారిన కాదు. గోగు శ్యామల 'ఏనుగంత తండ్రి కన్న ఏకుల బుట్టంత తల్లి నయం' కథలు ఆ దారిన వచ్చినవే. వాటిలో వాడ ఏడుపుగొట్టు చోటు కాదు. అక్కడ చెరువుంది, ఆటలున్నాయి, తల్లీ తండ్రీ తగువులాడుకుంటారు. గీత ఏమిటో తెలియాలంటే గీతకు ఇవతల బతుకు ఎంత నిండుగా ఉందో ముందు తెలియాలని ఆమెకు తెలుసు.

కవిత్వం సంగతి ఎత్తకపోతే అన్యాయం. కారంచేడు (1985), చుండూరు (1991) తరవాత వచ్చిన దళిత కవిత్వం మనల్ని నిద్ర లేపింది. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చేనాటికి తెలుగు కవిత్వానికి కొత్త కంఠం వచ్చిందని ఒప్పుకోనివాడు లేడు. మద్దూరి నగేష్‌బాబు 'వెలివాడ' అని సంపుటికే పేరు పెట్టాడు. అయితే ఆ తరవాతి చిన్న కవుల చేతుల్లో వెలివాడ అనేది ప్రతీకగా అరిగిపోవడం మొదలైంది. ఏ ఊరి వాడ, ఏ దిక్కున ఉంది, మధ్యలో కుంటా, కంచా, చింతచెట్టా అన్నది పోయి, మాట మిగిలింది. విచిత్రమేమిటంటే దాన్ని మళ్ళీ చోటుగా మార్చింది కవులు కాదు. 2016 జనవరిలో హైదరాబాదు విశ్వవిద్యాలయంలో హాస్టలు నుంచి వెళ్ళగొట్టిన అయిదుగురు పరిశోధక విద్యార్థులు ఆవరణలో గుడారం వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. తమ ఊళ్ళ గీత తమ వెంట విశ్వవిద్యాలయానికి కూడా వచ్చిందని, బోర్డు లేని గీతకు తామే బోర్డు కట్టి చూపించారు. ఆ నెల 17న వాళ్ళలో ఒకడైన వేముల రోహిత్ ప్రాణం తీసుకున్నాడు.

మళ్ళీ తిరుమలగిరికి వస్తాను. 2021లో దళితబంధు పథకాన్ని ముందుగా అమలు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వం ఎంపిక చేసిన నాలుగు మండలాల్లో తిరుమలగిరి ఒకటి. కుటుంబానికి 10 లక్షల రూపాయల సాయం. పథకం మంచిచెడ్డలు రాజకీయ వ్యాసాలకు వదిలేద్దాం. కథకుడు చూడవలసింది వేరే ఉంది. వాడలో ఒక యువకుడికి సొంత ట్రాలీ ఆటో వచ్చిందనుకోండి. ఊరి రైతు వడ్లు మార్కెట్ యార్డుకు తోలడానికి అతణ్ణే పిలుస్తాడు. ఆటో రైతు వాకిట్లో ఆగుతుంది. బస్తాలు ఎక్కుతాయి. కిరాయి చేతికి వస్తుంది. దాహమైతే నీళ్ళు అడుగుతాడా? అడిగితే ఏ చెంబులో వస్తాయి? లేక ముందే సీసా నీళ్ళు కొనుక్కుని పెట్టుకుంటాడా? కొనుక్కుంటే అది స్వేచ్ఛా, లేక గీతను తానే జేబులో పెట్టుకు తిరగడమా? డబ్బు దాటిన చోట మనిషి దాటాడో లేదో చెప్పగలిగింది కథ ఒక్కటే. ఇందులో దొర లేడు, గడి లేదు. నా పాత కొలతబద్దతో కొలిస్తే సంఘర్షణ కూడా లేదు.

గీత పట్టణంలో లేదనుకునేవాళ్ళకు మిర్యాలగూడ ఉంది. 2018 సెప్టెంబరు 14న అక్కడ ఒక దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనుండగానే నరికి చంపారు. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. ఆ ఘటన మీద నేను చదివిన రచనలన్నీ దాన్ని ప్రేమకథ చేశాయి. ప్రేమ సరే. బడికీ కాలేజీకీ నడిచి, తనదే అనుకున్న పట్టణంలో ఏ వీధి మలుపు దగ్గర తాను పరాయివాడవుతాడో ఒక కుర్రవాడికి ఎన్నేళ్ళకు తెలిసింది అన్నది ఆ రచనల్లో లేదు.

విద్యార్థి కథ ఏమైందో చెప్పి ముగిస్తాను. ఆరు నెలల తరవాత అతను దాన్ని తిరగరాసి తెచ్చాడు. పన్నెండు పేజీలైంది. దొర వచ్చాడు. కూలి రేటు వచ్చింది. చివర్న కుర్రవాడు కప్పు నేలకేసి కొట్టి ఉపన్యాసమిచ్చాడు. కాగితం కప్పు నేలకేసి కొడితే చప్పుడు రాదని రచయిత కూడా మరచిపోయాడు. మొదటిది ఏదని అడిగాను. "పారేసిన సార్, మీరు బాగ లేదన్నరు గదా," అన్నాడు. అలాగన్నది నేనే.

ఇప్పుడు మళ్ళీ మొదటినుంచి రాస్తున్నాడు. మొన్న కలిసినప్పుడు ఎంతవరకు వచ్చిందని అడిగితే, కప్పు దగ్గరికి ఇంకా రాలేదన్నాడు. హోటలాయన 'ఎవరి కొడుకువు' అని అడిగిన చోట ఆగిపోయిందట. మొదటి కథలో ఆ ప్రశ్న ఒక్క ముక్కలో దాటిపోయింది. కుర్రవాడు ఏం జవాబు చెప్పాడో అందులో లేదు. నేనూ అప్పుడు అడగలేదు.